రాత్రి 12 గంటల 32 నిమిషాలు

"ఎన్ని గంటలకు జరిగింది?" అని అడిగితే మన వాడల్లో "పొద్దుగూకినాక" అంటారు, "కోడి కూయకముందు" అంటారు. చెప్పేవాళ్ల తప్పు కాదు. గడియారం చూసుకుని బతికిన బతుకులు కావు మనవి. కానీ కోర్టులో ఆ మాట చెల్లదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని తరిమి తరిమి నరికారు. గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు చంపారో, ఎక్కడ చంపారో, ఎవరు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందంట. శవాలున్నాయి. టైము లేదు!

ఆ తీర్పు విన్న దగ్గర్నుంచీ నా బుర్రలో ఒక దూరదేశం మనిషి తిరుగుతున్నాడు. ఆయన ఒక్క టైము పట్టుకుని ఒక మిలిటరీ ప్రభుత్వాన్నే బోనులో నిలబెట్టాడు. ఈసారి సంపాదకీయం ఆయన గురించి.

పేరు రొడోల్ఫో వాల్ష్. దేశం అర్జెంటీనా. మారడోనా దేశం అంటే మన కుర్రాళ్లకు టక్కున తెలుస్తుంది. ఆ దేశంలో 1930 మొదలు 1976 దాకా ఆరుసార్లు మిలిటరీవాళ్లు గద్దెనెక్కారు. మనకు దొరలూ కామందులూ ఎట్లాగో అక్కడి కూలీలకు జనరల్స్ అట్లాగన్నమాట. వాల్ష్ 1927లో పుట్టాడు. తాతముత్తాతలది ఐర్లండు. తండ్రి పెద్ద కమతాల మీద పెత్తనం చేసే ఉద్యోగి. కరువు రోజుల్లో చితికిపోయి పిల్లల్ని ఐరిష్‌వాళ్లు నడిపే హాస్టల్లో పడేశాడు. హాస్టల్ చదువంటే ఏమిటో మనలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. పెద్దయ్యాక ప్రూఫులు దిద్దాడు, ఇంగ్లీషు పుస్తకాలు అనువాదం చేశాడు, డిటెక్టివ్ కథలు రాశాడు. చదరంగమంటే ప్రాణం. 1955లో మిలిటరీ పెరోన్ ప్రభుత్వాన్ని కూలదోస్తే సంతోషించినవాడే. కూలీల పక్షాన పుట్టినవాడు కాదు, మొదట నిలబడ్డవాడూ కాదు. ఈ సంగతి దాచనక్కర్లేదు.

1956 జూన్ 9 రాత్రి. జనరల్ వాయె అనే పెరోన్ మనిషి తిరుగుబాటు లేపాడు. కొన్ని గంటల్లోనే అణిచేశారు. ఆ రాత్రి బ్యూనస్ ఐరిస్ నగరం శివారులో ఒక ఇంట్లో కొంతమంది చేరి రేడియోలో బాక్సింగ్ పోటీ వింటున్నారు. రైల్వే కార్మికులు, రేవు కూలీ, బస్సు డ్రైవరు, ఇట్లాంటివాళ్లు. పోలీసులు పడ్డారు, పట్టుకుపోయారు. పై నుంచి ఆర్డరొచ్చింది: కాల్చెయ్యండి. తెల్లారకముందే హోసే లియోన్ సువారెజ్ అనేచోట ఊరి చెత్తంతా పోసే దిబ్బల దగ్గరకు లారీలో తీసుకుపోయి, బండి లైట్ల వెలుతుర్లో నడవమని వెనకనుంచి కాల్చారు. పన్నెండు మందిని తీసుకుపోతే అయిదుగురు చచ్చిపోయారు. ఏడుగురు ఎట్లనో బతికి బయటపడ్డారు. చచ్చిన నికోలాస్ కరాన్సాకు ఆరుగురు పిల్లలు.

చెత్తకుప్ప మీద! కూలోడి శవం ఎక్కడ పడెయ్యాలో ఏ దేశం పోలీసుకైనా ఒకరు నేర్పాల్సిన పన్లేదనుకుంటా.

ఆర్నెల్లు గడిచాయి. డిసెంబరులో వాల్ష్ లా ప్లాతా ఊళ్లో చదరంగం ఆడుకునే హోటల్లో కూర్చుని ఉంటే ఒక తెలిసినాయన చెవిలో వేశాడు. ఆ రాత్రి కాల్చినవాళ్లలో ఒకడు బతికే ఉన్నాడని. వాల్ష్ నమ్మలేదు. అయినా వెళ్లి వెతికాడు. దొరికాడు. పేరు హువాన్ కార్లోస్ లివ్రాగా, బస్సు డ్రైవరు. చచ్చినట్టు పడి ఉంటే కనురెప్ప కదిలిందని పోలీసులు చూసి మొహం మీద కాల్చారు. దవడ చితికింది. అయినా బతికాడు. ఆ మొహం చూశాక వాల్ష్‌కి డిటెక్టివ్ కథలు రాసే పని అక్కడితో సరి.

ఉద్యోగానికి సెలవు పెట్టాడు. దొంగపేరుతో గుర్తింపు కార్డు పెట్టుకున్నాడు. ఇల్లు మారాడు. ఎన్రికెటా మున్యిజ్ అనే పత్రికారచయిత్రి ఆయనతోపాటు చచ్చినవాళ్ల భార్యల దగ్గరికి, బతికి దాక్కున్నవాళ్ల దగ్గరికి ఇల్లిల్లూ తిరిగింది. పేరు ఆయనకే వచ్చింది గానీ సగం పని ఆమెది. పుస్తకంలో వాల్ష్ ఆ మాట చెప్పుకున్నాడు, చదివినవాళ్లే మర్చిపోయారు. ఒక్కడే బతికాడనుకున్నది ముగ్గురయ్యారు, నలుగురయ్యారు, చివరికి ఏడుగురు తేలారు. ఆ ఇంట్లో ఉన్న కొందరికి తిరుగుబాటు సంగతి ముందే తెలుసని కూడా వాల్ష్ రాశాడు. తన వాదనకు అడ్డం కదా అని మింగెయ్యలేదు. మన నిజనిర్ధారణ కమిటీలవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. బాధితులందర్నీ ఏమీ ఎరగని అమాయకులుగా చూపిస్తేనే న్యాయం దొరుకుతుందని మనం అనుకుంటాం. అవతలి వకీలు ఒక్కడి విషయంలో అది అబద్ధమని తేల్చాడంటే మిగతా అందరి సాక్ష్యమూ పోతుంది. నేరం చేశాడా లేదా అన్నది వేరు, చంపే హక్కు మీకెక్కడిది అన్నది వేరు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రభుత్వం వాదన ఏమిటి? మార్షల్ లా పెట్టాం, తిరుగుబాటుదార్లను కాల్చాం, చట్టప్రకారమే చేశాం అని. వాల్ష్ తిరిగి వాదనకు దిగలేదు. మార్షల్ లా ఎన్ని గంటలకు పెట్టారు అని అడిగాడు. అంతే. ఆ చట్టం రేడియోలో చదివితేనే అమల్లోకి వచ్చినట్టు. ప్రభుత్వ రేడియో స్టేషన్లో ఆ రాత్రి ఏ నిమిషానికి ఏం చదివారో రాసే రిజిస్టరు ఉంటుంది. దాన్ని సంపాదించాడు. మార్షల్ లా ప్రకటన చదివింది రాత్రి 12 గంటల 32 నిమిషాలకు. అంటే తేదీ మారి జూన్ 10. మరి వీళ్లను పట్టుకున్నది ఎప్పుడు? తానే స్వయంగా 11 గంటలకు ఆ ఇంట్లోకి దూరానని పోలీసు అధిపతి ఫెర్నాండెజ్ సువారెజ్ సర్కారు సభలో గొప్పగా చెప్పుకున్నాడు. వాడి నోటి మాటే! పట్టుకున్నప్పుడు మార్షల్ లా లేదు. లేని చట్టం కింద చంపారు. కాబట్టి అది శిక్ష కాదు, హత్య.

గంటన్నర తేడా. ఆ గంటన్నరలో ఒక ప్రభుత్వం పరువంతా పోయింది.

పెద్ద పత్రికలేవీ ముట్టుకోలేదు. చిన్నాచితకా పత్రికల్లో ముక్కలు ముక్కలుగా వేయించాడు. 1957లో 'ఆపరేషన్ మాసకర్' పేరుతో పుస్తకం వచ్చింది. ఇంగ్లీషులోకి రావడానికి 2013 దాకా పట్టింది. మరి శిక్షలు పడ్డాయా అంటారా? పడలేదు. అక్కడి సుప్రీంకోర్టు కేసుని మిలిటరీ కోర్టుకి అప్పజెప్పింది. దొంగ చేతికే తాళాలు. బతికినవాళ్లలో హూలియో ట్రోక్స్లర్ అనే ఆయన్ని 1974లో మళ్లీ పట్టుకుని చంపేశారు.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లూ వాల్ష్ చేసింది ఇదే పని. 1959లో క్యూబా వెళ్లి అక్కడి వార్తాసంస్థలో పనిచేశాడు. క్యూబా మీద దాడికి గ్వాటెమాలాలో అమెరికా మనుషులు సైన్యానికి తర్ఫీదు ఇస్తున్న సంగతిని ఒక సంకేత భాష టెలిగ్రాం విప్పి చదివి కనిపెట్టాడు. 1968లో కార్మిక సంఘం పత్రిక నడిపాడు. 1970ల మొదట్లో మురికివాడల జనానికి వార్తలు రాయడం నేర్పాడు. ఈ చివరిది ఆయన గురించి రాసేవాళ్లు ఒక ముక్కలో తేల్చేస్తారు. నాకు మాత్రం మిగతా అన్నిటికంటే పెద్దదిగా కనపడుతుంది. మన గురించి మనమే రాసుకోకపోతే రాసేవాడు తన కళ్లద్దాలు పెట్టుకునే రాస్తాడు.

తర్వాత ఆయన మోంతొనేరోస్ అనే సాయుధ సంస్థలో చేరాడు. మన అగ్రకుల విప్లవ మేధావులు వాల్ష్ పేరెత్తితే తుపాకి పట్టిన రచయిత అని మురిసిపోతారు. ఆయన చేతిలో రేడియో రిజిస్టరు సంగతి వాళ్లకు గుర్తురాదు. పైగా 1976 చివర్లో ఆ సంస్థ నాయకత్వానికే కాగితం మీద రాసిచ్చాడు: జనానికి దూరమైపోయాం, యుద్ధం తప్ప మరోటి ఆలోచించడం లేదు, దీనివల్ల మనవాళ్లే చస్తున్నారు, వెనక్కి తగ్గండి అని. నాయకులు వినలేదు. లోపల ఉండి నాయకుణ్ణి ప్రశ్నించినవాణ్ణి ద్రోహి అనడం మన సంఘాల్లోనూ ఉంది. ఇంతకంటే ఇక్కడ పొడిగించను.

1976 మార్చి 24న జనరల్ విడేలా ముఠా గద్దెనెక్కింది. పత్రికల నోరు మూసేశారు. మనుషుల్ని రాత్రిపూట ఎత్తుకుపోవడం, మళ్లీ కనపడకపోవడం. వాల్ష్ దొంగచాటుగా ఒక వార్తాసంస్థ పెట్టాడు. పోలీసుల వైర్‌లెస్ మాటలు రేడియోలో పట్టి వినేవాళ్లు, వార్తలు టైపు చేసి, రోనియో తీసి, పత్రికాఫీసులకూ విదేశీ విలేకర్లకూ పోస్టులో పంపేవాళ్లు. ఒకటి రెండు పేజీల కాగితాలు. చదివినాక నకలు తీసి ఇంకొకరికి ఇవ్వండి, చేతిరాతైనా సరే, నోటిమాటైనా సరే అని కోరేవాళ్లు. ఈ పత్రిక ఎట్లా చేతులు మారుతుందో ఎరిగినవాళ్లకు ఆ మాట విలువ తెలుసు. ఆ సెప్టెంబరులోనే ఆయన కూతురు విక్టోరియా సైన్యంతో కాల్పుల్లో చనిపోయింది. ఇరవయ్యారేళ్లు.

మిలిటరీ ఏలుబడికి ఏడాది నిండిన రోజున, 1977 మార్చి 24 తేదీ వేసి, పాలకులకు బహిరంగ లేఖ రాశాడు. దొంగపేరుతో కాదు, సొంత పేరుతో. కింద గుర్తింపు కార్డు నంబరు కూడా వేశాడు. కనపడకుండాపోయినవాళ్లు 15,000, జైళ్లలో 10,000, చచ్చినవాళ్లు 4,000 అని లెక్క రాశాడు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాల సంగతి రాశాడు. అంతటితో ఆగితే మంచి విలేకరి అనేవాళ్లం. ఇంకో అడుగు వేశాడు. ఈ చంపుళ్లకంటే పెద్ద నేరం మీ ఆర్థిక విధానమని రాశాడు. ఏడాదిలో కూలీల నిజ వేతనాన్ని 40 శాతానికి దించారని, లక్షల మందిని పథకం ప్రకారం ఆకలికి తోస్తున్నారని లెక్కలతో చూపించాడు. చంపినవాడి చేతిలో కత్తి కనపడుతుంది, కూలి రేటు కోసినవాడి చేతిలో కనపడదు. మనకిది కారంచేడుకు ముందూ తెలుసు, తర్వాతా తెలుసు.

ఆ దేశంలో ఒక్క పత్రికా ఆ లేఖని అచ్చెయ్యలేదు. మర్నాడు, మార్చి 25న, ఆయన ఊరిబయట ఇంటినుంచి రైల్లో నగరానికి వచ్చి నకళ్లు పోస్టు డబ్బాల్లో వేశాడు. నౌకాదళం మనుషులు కాపుకాశారు. ఆయన దగ్గరున్నది చిన్న పిస్తోలు. కాల్చారు. నౌకాదళం మెకానిక్కుల బడికి పట్టుకుపోయారు. బడి అని పేరు, లోపల చిత్రహింసల కొట్టం. పిల్లలకు అక్షరాలు దిద్దించేవాణ్ణి, ఆ పేరు రాయడానికే చెయ్యి రావట్లేదు. అక్కడ బందీలుగా ఉండి బతికినవాళ్లు ఆయన శవాన్ని చూశామని సాక్ష్యం చెప్పారు. శవం ఇప్పటికీ దొరకలేదు. ఇంటి మీద పడి దోచుకున్న కాగితాలు, అచ్చుకాని కథలు, అవీ దొరకలేదు.

1983లో మిలిటరీ దిగిపోయింది. మధ్యలో క్షమాభిక్షలు, మాఫీ చట్టాలు. చచ్చినవాళ్ల తల్లులు, పిల్లలు వదల్లేదు. ఆ చట్టాల్ని కొట్టేయించారు. 2011 అక్టోబరులో ఆ బడి కేసులో ఆస్తిజ్ అనేవాడితో సహా 12 మందికి యావజ్జీవం పడింది. ఆ కేసులోని హతుల్లో వాల్ష్ ఒకడు. 34 ఏళ్లు పట్టింది. సాక్షులు బతికున్నారు, కాగితాలున్నాయి, అందుకే పడింది.

సంఘం కార్యకర్తలకు ఒక మాట. ఎక్కడైనా గొడవ జరిగిందంటే ముందు పరిగెత్తేది మీరే. ఫోటో ఒక్కటి తీసి, నినాదం ఇచ్చి రాకండి. ప్రతి వాడలో ఒక నోట్‌బుక్కు పెట్టండి. ఎవరు ముందు చూశారు, ఎన్ని గంటలకు, పొద్దు ఎక్కడుంది, బస్సు ఏది వెళ్లింది, మైకులో ఏ పాట వస్తోంది, పోలీసు జీపు ఎప్పుడొచ్చింది, అన్నీ ఆ రోజే రాయండి. చదువురాని అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించండి. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. అందులో వాళ్లు వేసిన టైమూ మీ నోట్‌బుక్కులో టైమూ పక్కపక్కన పెట్టి చూడండి. అట్రాసిటీ కేసైతే దర్యాప్తు చేసేది డీఎస్పీయే కావాలి, ఎస్ఐ వచ్చి రాసుకుపోతే ఒప్పుకోవద్దు. నోట్‌బుక్కు నకలొకటి ఊరిబయట నమ్మకమైన ఇంట్లో దాచండి, ఇంకొకటి పత్రిక అడ్రసుకి పంపండి. కవరు మీద స్టాంపులు సరిపడా అంటించండి, పోయిన నెల మూడింటికి మేమే కట్టాల్సివచ్చింది.