తొమ్మిది దేశాలా? నాలుగు మజిలీలా?

మొన్న ఆదివారం మధ్యాహ్నం గుత్తివంకాయ కూర పొయ్యి మీద ఉండగా మా వదిన వచ్చింది. కాప్రాలో వాళ్లిల్లు మాకు రెండు వీధుల అవతలే. ఎప్పుడూ గుమ్మంలోంచే కేకేసే మనిషి, ఆ రోజు చప్పుడు చేయకుండా వంటింట్లోకొచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా చేతిలో పెట్టింది. "ఇది చదువు. నేను రానని చెప్పేస్తే మీ అన్నయ్య నొచ్చుకుంటారా?" అంది.

సంగతేమిటంటే, వాళ్లబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం. అమ్మానాన్నల్ని రప్పించుకుని సొంత కారులో యూరప్ తిప్పాలని వాడి సరదా. తండ్రీ కొడుకులు ఫోన్లో కూర్చుని పథకం వేశారు. పదహారు రోజులు, తొమ్మిది దేశాలు! మొదటిరోజే మ్యూనిక్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్, 800 కిలోమీటర్ల పైచిలుకు. అంటే మన సికింద్రాబాదు నుంచి చెన్నై వెళ్లి, ఇంకా ముందుకు పోవడమన్నమాట. అక్కణ్ణించి బెల్జియం, పారిస్, స్విట్జర్లాండ్... ప్రతి రాత్రీ కొత్త ఊరు, ప్రతి పొద్దున్నా పెట్టె సర్దుడు. వదినకు అరవైనాలుగేళ్లు. పదేళ్లుగా ఇన్సులిన్. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. ఆ కాగితంలో పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలో ఉంది గానీ, మనిషి ఎక్కడ దిగి నడుం వాల్చాలో లేదు.

మీ ఇళ్లలోనూ ఇదే వరస కదూ? మన కాప్రా, సైనిక్‌పురి, ఏ.ఎస్.రావు నగర్ వైపు పిల్లలు బయటి దేశాల్లో లేని ఇల్లు వెతికితే గానీ కనిపించదు. "అమ్మా, ఈసారి వచ్చినప్పుడు కారేసుకుని అన్నీ చూద్దాం" అని వాళ్లూ ప్రేమగానే అంటారు. అందుకే మనకు కాదనడానికి నోరు రాదు. రానని చెప్పకండి. పథకం వేసేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరి, మన హైదరాబాదు మీదుగానే కాశీ వెళ్లొచ్చారు. పదిహేను నెలలు పట్టింది. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ లెక్క ఉంటుంది. దారి ఎలాంటిది, దిగడానికి వసతి ఉందా, వంటసామాను దొరుకుతుందా అని. ఆ మజిలీ అన్న మాటే మనవాళ్ల పథకంలో లోపించింది.

అందుకని నేనూ వదినా ఆ కాగితం వెనకాలే కొత్తది రాశాం. మ్యూనిక్‌లో కొడుకింట్లో అయిదు రాత్రులు. ప్రయాణ బడలిక తీరాలిగా! తర్వాత సాల్జ్‌బర్గ్ మూడు, అది 150 కిలోమీటర్లే. స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు దగ్గర మూడు. వెనిస్‌కు మూడు. తిరుగుదారిలో ఇన్స్‌బ్రుక్‌లో ఒకటి, ఆఖరి రాత్రి మళ్లీ కొడుకింట్లో. నాలుగే దేశాలు. ఏ రోజూ 400 కిలోమీటర్లకు మించదు. రెండు గంటలకోసారి కారాపి పదడుగులు నడవాలని కూడా రాసుకున్నాం. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది.

దారి ఖాయం చేసుకున్నాకే వీసా సంగతి చూడండి. ఒక్క షెంజెన్ వీసాతో 29 దేశాలు తిరగొచ్చు గానీ, ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. వదినవాళ్లకది జర్మనీ. ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇంగ్లండు ఈ వీసాలోకి రాదు, దానికి వేరే.

కారు విషయంలో మనక్కావలసినవి రెండే. జర్మనీలో కార్లకు రహదారి సుంకం లేదు. ఆస్ట్రియా, స్లొవేనియాల్లో ముందుగానే విన్యెట్ అనే రోడ్డు టిక్కెట్టు కొనాలి, లేకపోతే జరిమానా. పైగా సాల్జ్‌బర్గ్ నుంచి స్లొవేనియా వెళ్లే దారిలో రెండు పెద్ద సొరంగాలకు విడిగా కట్టాలి. ఇటలీలో మన ఔటర్ రింగు రోడ్డు మాదిరి గేటు దగ్గర చెల్లింపు. రెండోది, వెనిస్ వీధుల్లోకి కార్లు రావు. అవతలి ఒడ్డున మెస్త్రేలో దిగి రైల్లో వెళ్లడం సుఖం. అన్నయ్య మాత్రం "మధ్యలో నేనూ కాసేపు నడుపుతా" అంటున్నారు. మన లైసెన్సుతో పాటు ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఉంటే నడపొచ్చు, ఏడాది చెల్లుతుంది. అయితే అక్కడ స్టీరింగు ఎడమవైపు, బండి పోయేది కుడివైపు. "ఆయన నడిపితే నేను దిగి నడిచొస్తా" అంది వదిన!

ఇక మన శాఖకొద్దాం. బస హోటల్ గది కాకుండా వంటగది ఉన్న ఫ్లాటు తీసుకోండి. అలాగని మూడుపూటలా వండుతూ కూర్చోకండేం! రాత్రికి అన్నం, పెరుగు, ఓ పొడి చాలు. పోపు ఘాటుగా పెట్టారా, పొగ గంట మోగి బిల్డింగంతా బయటికొస్తుంది. చిన్న రైస్ కుక్కర్ పనిచేస్తుంది, కరెంటు 230 వోల్టులే. ప్లగ్గు మాత్రం పట్టదు, మార్పిడి ప్లగ్గు కొనండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం కిరాణా కొట్లు దాదాపు అన్నీ మూతే, శనివారమే పాలూ కూరలూ తెచ్చుకోవాలి. దారిలో మరుగుదొడ్లకు డబ్బులడుగుతారు, చిల్లర యూరోలు పర్సులో ఉంచుకోండి.

అసలు ముఖ్యమైన సంగతి! బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు అక్కడికి తేకూడదు. కాబట్టి నెయ్యి సీసా, పాలకోవా వద్దు. వెన్న అక్కడే కొని కాచుకోవచ్చు. పచ్చి కరివేపాకుకూ అభ్యంతరమే, పొడి చేసి పట్టుకెళ్లండి. కందిపొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి నిక్షేపంగా వెళతాయి. కారకుండా బాగా కట్టాలంతే. ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో సహా. పెద్ద పెట్టెలో వేస్తే విమానం అడుగున చలికి గడ్డకట్టి పాడవుతుంది.

అంతా రాశాక వదినను అడిగాను, "ఇంతకీ నీకేం చూడాలనుంది వదినా?" అని. కాసేపు మాట్లాడలేదు. "ముప్ఫయ్యారేళ్లుగా ఈ ఇంట్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు" అని నవ్వేసింది. పెళ్లయిన కొత్తలో సికింద్రాబాదు సంగీత్ టాకీసులో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' చూసిందట. సంగీత్ ఇప్పుడు లేదు. ఆ సినిమాలో పిల్లలు పాడుతూ గెంతే మెట్లున్న తోట ఎక్కడుందో కనుక్కోమంది. కనుక్కుంటే అది సాల్జ్‌బర్గ్‌లో, మిరాబెల్ తోట! తొమ్మిది దేశాల కాగితంలో ఆస్ట్రియా ఉంది గానీ ఆ ఊరి పేరే లేదు.

సాయంత్రం అన్నయ్యకు కొత్త కాగితం చూపించాం. చదివి, "పారిస్ పోయిందే!" అన్నారు. తర్వాత కళ్లజోడు తీసి, "మెట్లు ఎన్నుంటాయిట?" అనడిగారు. నెమ్మదిగా ఎక్కుదువుగానిలే అని వదినతోనే అన్నారు.

ప్రయాణం వచ్చే జూన్‌లో. ఆ రోజుల్లో అక్కడ రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురే. నిన్న వాళ్ల మేడ మీదకి వెళితే వదిన మిరపకాయలు ఎండబెడుతోంది. ఈసారి మజ్జిగలో ఊరవేసినవి కాదు. ఒట్టి ఉప్పు మిరపకాయలు.