కఱ్ఱయా, రొట్టెముక్కయా?

పెంపుడుకుక్క మాట వినవలెనన్నచో కఱ్ఱ చేతబట్టవలెనని మా నంగునూరులో పెద్దలు చాలమంది తలంతురు. దెబ్బకు దయ్యమైనను దిగివచ్చునని వారి వాదము. నేనును చాలకాలము ఆ పక్షముననే యుంటిని. బడిలో బెత్తము పట్టిన చేయి కావున, ఆ తలంపును విడుచుట నాకంత సులభము కాలేదు.

ఉద్యోగవిరమణానంతరము మా యింట నొక నాటుకుక్కను పెంచితిమి. ఒకనాటి సాయంకాలమది వీధిలోనికి పరుగెత్తెను. పిలిచితిని, రాలేదు. మరల మరల పిలువగా కొంతసేపటికి తోక ముడుచుకొని వచ్చినది. వెంటనే రాలేదను కోపముతో రెండు దెబ్బలు వేసితిని. మఱునాడు పిలిచినప్పుడు అది నా దరిదాపులకైన రాలేదు. పారిపోయినందుకు శిక్షించితినని నేననుకొంటిని. వచ్చినందుకు శిక్ష పడినదని అది గ్రహించినది. జంతువు అప్పుడే చేసిన పనిని, దాని వెంబడి వచ్చిన ఫలమును ముడివేసికొనును. కొంతసేపటి క్రిందటి నేరమును దానికి వివరించి చెప్పజాలము గదా!

మా మనుమరాలు వేఱొక మార్గము పట్టినది. జొన్నరొట్టెను గోరంత ముక్కలుగా త్రుంచి, కుక్క పిలిచిన తక్షణమే వచ్చినచో ఒక ముక్క పెట్టి వీపు నిమిరెడిది. మొదట రెండడుగుల దూరమునుండి, పిమ్మట వాకిటినుండి, ఆ పిమ్మట వీధి మలుపునుండి పిలిచినది. కొన్ని వారములలో ఆ కుక్క ఆమె గొంతు విన్నంతనే పరుగున రాసాగెను.

ఇది లంచమని నేనాక్షేపించితిని. ఆలోచింపగా తేడా తెలిసినది. లంచము పనికి ముందు చూపునది. బహుమానము పని ముగిసిన పిదప నిచ్చునది. ముక్కను ముందుగా చూపి పిలుచువారి కుక్క, చేయి ఖాళీగా నున్నచో కదలదు. అట్టివారిని చూచియే పలువురు ఈ పద్ధతిని ఎగతాళి చేయుదురు. పని అలవడిన తరువాత అప్పుడప్పుడు మాత్రమే ముక్క నిచ్చి, తక్కిన వేళల మెచ్చుకోలు మాటతో సరిపెట్టవలెను.

1910లో జర్మనీ దేశమున కాన్రాడ్ మోస్ట్ అను పోలీసు అధికారి కుక్కల శిక్షణపై గ్రంథము వ్రాసెను. అందు నిర్బంధమునకే పెద్దపీట. ఆ విధముగా కుక్కలు పని నేర్చిన మాట నిజమే. కాదనుట న్యాయము గాదు. అయితే అందుకు అవి చెల్లించిన మూల్యమెంత? 2020లో పోర్చుగల్ పరిశోధకులు ఏడు శిక్షణశాలలకు వచ్చు 92 పెంపుడుకుక్కలను పరిశీలించి ఫలితములు ప్రకటించిరి. గద్దింపు, నొప్పి విరివిగా వాడు శాలల కుక్కలలో ఆందోళన చిహ్నములు హెచ్చుగా కనబడెను. వాటి లాలాజలములో కార్టిసాల్ అను ఒత్తిడి రసాయనము కూడ ఎక్కువగా పెరిగెను. మఱియొక ప్రమాదము గలదు. దెబ్బలకు వెఱచిన కుక్క గుర్రుమనుట మానవచ్చును, భయము మాత్రము మానదు. అది హెచ్చరిక లేకయే కఱచును. ఇంట పసిపిల్లలున్నవారు ఈ సంగతి మరువరాదు.

అట్లని కుక్కను దాని యిష్టమునకు వదలవలెనని నా మతము కాదు. సిద్దిపేట బస్సు వచ్చు వేళ రోడ్డుమీదికి దుముకు కుక్కను త్రాటితో ఆపవలసినదే. మీదికెగబ్రాకి గోళ్ళతో గీరినచో మొగము త్రిప్పుకొని నిలువవలెను. అదియును శిక్షయే, కాని నొప్పి లేని శిక్ష. జంతువులను కొట్టి హింసించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము కూడ.

మా కుక్క యిప్పుడు నేను పిలిచినను వచ్చును. కాని గొడుగు మడిచి చేతబట్టుకొన్నచో నేటికిని మంచము క్రిందికి దూరును. ఎన్ని రొట్టెముక్కలు పెట్టినను ఆ భయము పూర్తిగా పోలేదు.