డైమెథికోన్ మీద శక్, పేరులేని డబ్బీ మీద భరోసా

"క్రీములో సిలికోన్ ఉందట, జిల్ద్‌లోకి దిగి కేన్సర్ తెస్తుందట. నీళ్లు కూడా తగలనివ్వదట, మరి వుజూ ఎలా భాయ్?" ఈ సవాల్ నన్ను అడగని ఇల్లు లేదు. సవాల్ జాయజే. వాట్సాప్‌లో తిరిగే జవాబుల్లోనే గడబిడ.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే మన అనంతపురంలో ఖుష్కీ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. శెనక్కాయ చెట్లు పీకిన చేతులు, పగిలిన మడమలు చూస్తే చాలు. క్రీములపై డైమెథికోన్ అని రాసి ఉండే సిలికోన్ అలాంటి చర్మం మీద పల్చని పొరగా నిలుస్తుంది, లోపలి తేమను తొందరగా ఆరిపోనివ్వదు. దాని అణువు చాలా పెద్దది, చర్మం దాటి లోపలికి పోవడం దాదాపు లేదు. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 1 నుంచి 30 శాతం వరకు చర్మరక్షణ మందుగా దీన్ని ఒప్పుకుంది. గ్యాస్ మాత్రల్లో ఉండే సిమెథికోన్ కూడా ఇదే, కాస్త సిలికా కలిపినది. అయితే ఇది తేమను ఆపుతుందే గానీ ఇవ్వదు. కాబట్టి తడి ఆరకముందే రాసుకోవాలి.

దీని మూలం ఇసుకలోని సిలికాన్, జంతువు కాదు. హలాల్ ఫిక్ర్ ఉంటే అదే డబ్బీలోని గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్ ఎక్కడివో అడగండి.

హెయిర్ సీరమ్‌లలో ఆవిరైపోయే సిలికోన్ల సంగతి వేరు. డీ4 అనే దాన్ని సంతానశక్తికి నుక్సాన్ చేస్తుందన్న శక్‌తో యూరప్ సౌందర్య సాధనాల్లోంచి తీసేసింది. డీ5 నీళ్లలో తేలిగ్గా నశించదని, కడిగేసే వాటిలో 0.1 శాతం దాటకూడదని 2020 నుంచి హద్దు పెట్టింది. రాసుకుని వదిలేసే వాటికి ఆ హద్దు 2027 జూన్‌లో వస్తుంది.

వుజూ మసలాలో నేను ఆలిమ్‌ను కాను. నూనెలా జిడ్డు మిగలడం ఒకటి, నెయిల్ పాలిష్‌లా నీటిని ఆపే పొర కట్టడం మరొకటి అని ఉలమా ఫరఖ్ చెబుతారు. చేతి క్రీమునీ, ముఖానికి దట్టంగా పూసే వాటర్‌ప్రూఫ్ మేకప్‌నీ ఒకే గాటన కట్టకండి. డబ్బీ తీసుకెళ్లి మౌలానాకు చూపించండి. వుజూ చేశాక రాసుకుంటే ఆ వుజూకైతే ఢోకా లేదు.

నాకు గుస్సా తెప్పించేది ఇంకొకటి. డైమెథికోన్ పేరు చదివి భయపడే ఇంట్లోనే, రిష్తా చూపులకు ముందు బచ్చీ ముఖానికి పేరూ ఊరూ లేని గోరీ క్రీము రాస్తారు. అందులో పాదరసం ఉంటే కిడ్నీలకే ఎసరు. 2023లో కేరళ మలప్పురంలో ఇలాంటి క్రీములు వాడినవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నట్టు డాక్టర్లు గుర్తించారు. మన చట్టం ప్రకారం ముఖం క్రీములో పొరపాటున చేరే పాదరసం కూడా పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. లేబులే లేని డబ్బీలో ఎంతుందో ఎవరు చూశారు? అది వాడుతున్న అమ్మాయికి కాళ్లూ ముఖం ఉబ్బినా, మూత్రంలో నురగ కనిపించినా క్రీము ఆపించి, ఆ డబ్బీతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.