వేగం ఒక్కటే చాలదు

అమెరికా బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ని పిచ్చర్ అంటారు. కుర్ర పిచ్చర్లు ముందు మైనర్ లీగుల్లో ఒక్కో మెట్టూ ఎక్కాలి. వాళ్లలో మేజర్ లీగ్‌ దాకా వెళ్లేదెవరో కనిపెట్టడం ఎలా? వేగం చూస్తే చాలనుకుంటాం. స్టీవ్ డల్కౌస్కీ కథ వింటే అలా అనుకోం.

అతనంత వేగంగా విసిరేవాణ్ని చూడలేదని నాటి ఆటగాళ్లు కథలుకథలుగా చెప్పేవారు. 1960లో కాలిఫోర్నియాలోని స్టాక్టన్ జట్టుకి 170 ఇన్నింగ్స్ ఆడి 262 మందిని స్ట్రైకవుట్ చేశాడు. బేస్‌బాల్‌లో నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి మొదటి బేస్ ఊరికే దక్కుతుంది. దాన్ని వాక్ అంటారు. డల్కౌస్కీ అలా ఇచ్చిన వాక్‌లు కూడా సరిగ్గా 262!

తర్వాత గురి కాస్త కుదిరింది. 1963లో బాల్టిమోర్ ఓరియోల్స్‌లో చోటు దొరుకుతుందనగా మోచెయ్యి దెబ్బతింది. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 1965తో అతని ఆట ముగిసింది. 2020లో కన్నుమూశాడు.

గ్రెగ్ మాడక్స్ అంత వేగగాడేం కాదు. 1986 నుంచి 2008 వరకు మేజర్ లీగ్‌లో ఆడి 355 విజయాలు సాధించాడు. 5,000కు పైగా ఇన్నింగ్స్‌లో ఇచ్చిన వాక్‌లు 999!

అందుకే స్ట్రైకవుట్ల పక్కనే వాక్‌లూ లెక్కపెట్టాలి. వయసూ చూడాలి. ఒకే మెట్టు మీద పాతికేళ్లవాడు రాణించడం కన్నా ఇరవయ్యేళ్లవాడు రాణించడం గొప్ప. నెమ్మదిగా వెళ్లి బ్యాటర్‌ను బోల్తా కొట్టించే రెండో రకం బంతీ ఉండాలి.

ఇవన్నీ సరిపోయినా మోచెయ్యి ఎన్నాళ్లు సహకరిస్తుందో మాత్రం ఏ లెక్కా చెప్పదు.