చప్పిడి ముక్కు కుక్క ఎందుకు గురక పెడుతుంది?



గోధుమరంగు ఒళ్ళు, నల్లని మూతి, ముడతలు పడ్డ నుదురు, చక్రంలాగా చుట్టుకొన్న తోక. ఇటువంటి బుజ్జి కుక్కను మీరు ఎక్కడో ఒకచోట చూచే ఉంటారు. దాని పేరు పగ్. 2003లో హచ్ అనే టెలిఫోను కంపెనీవారు ఒక ప్రకటన తీశారు. అందులో ఒక పిల్లవాడు ఎక్కడికి వెళ్ళినా ఒక పగ్ కుక్క వాడి వెనకాలే నడిచి వెళుతుంది. దేశమంతా ఆ ప్రకటన చూచి మురిసిపోయింది. ఆ కంపెనీ పేరు మారి ఏళ్ళు గడిచినా, మన ఊళ్ళలో ఇప్పటికీ చాలామంది దానిని "హచ్ కుక్క" అనే పిలుస్తారు.

ఆ కుక్క ఉన్న ఇంటికి వెళ్ళి కాసేపు గమనించండి. పడుకొంటే గురక పెడుతుంది. మేలుకొని ఉంటే గురగురమంటుంది. నాలుగు మెట్లు ఎక్కితే వగరుస్తుంది. "ఎందుకట్లా?" అని అడిగితే ఇంటివారు నవ్వి, "దాని జాతి స్వభావమే అంత" అంటారు.

నిజంగా అది స్వభావమేనా? ఈ ప్రశ్న మీద యూరపు దేశాలలో చాలా ఏళ్ళుగా వాదం జరుగుతున్నది. అది కోర్టుల దాకా కూడ వెళ్ళింది. ఆ సంగతి ఈ నెల తెలుసుకొందాము.

ముక్కు చేసే పని

ఎండలో తిరిగితే మనకు ఒళ్ళంతా చెమట పోస్తుంది. ఆ చెమట ఆరేటప్పుడు ఒంటిలోని వేడిని కొంత తీసుకొని పోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది కూడ ఇట్లాగే. కుండ గోడలోనుంచి ఊరిన తడి ఆవిరి అయిపోతూ లోపలి వేడిని పట్టుకొని పోతుంది.

కుక్కకు ఈ సదుపాయం లేదు. దానికి చెమట పట్టేది దాదాపుగా అరికాళ్ళలో మాత్రమే. మరి వేడిని ఎట్లా పోగొట్టుకొంటుంది? నోరు తెరిచి, నాలుక చాచి, నిమిషానికి 200, 300 సార్లు గబగబా ఊపిరి తీస్తుంది. దీనినే రొప్పటం అంటాము. అప్పుడు నాలుక మీది తడి, నోటిలోని తడి, ముక్కులోని తడి ఆవిరి అవుతవి. అక్కడ పారే రక్తం చల్లబడుతుంది. పొడుగు ముక్కు లోపల కాగితపు చుట్టలు పేర్చినట్లుగా పలుచని ఎముకలుంటవి. వాటి నిండా తడిపొర ఉంటుంది. అంటే కుక్కకు ముక్కు వాసన చూడటానికే కాదు, ఒంటిని చల్లబరచుకోవటానికి కూడ. అది దాని మట్టికుండ.

ఇప్పుడు పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచి బుల్‌డాగ్, పెకినీస్ అనే జాతుల ముఖాలు చూడండి. ముక్కు వెనక్కు పోయి కళ్ళ మధ్య అతుక్కొన్నట్లుంటుంది. పుర్రెలో ముఖపు ఎముక కురచ అయినది. కాని దాని లోపల ఉండే మెత్తని కండ అంతగా తగ్గలేదు. పెద్ద పరుపును చిన్న పెట్టెలో కుక్కితే ఎట్లా ఉంటుంది? ఇదీ అంతే. ముక్కు రంధ్రాలు సన్నని చీలికలయిపోతవి. నోటిలో వెనకవైపు ఉండే మెత్తని అంగిలి మరీ పొడుగై గాలి పోయే దారికి అడ్డం పడుతుంది. కొన్నిటికి గాలిగొట్టం కూడ ఇరుకే. ఆ ఇరుకు దారిలో గాలి దూరినప్పుడు అంగిలి అదురుతుంది. ఆ అదురే మనకు వినిపించే గురక.

కష్టం ముక్కుతో ఆగదు. ఎదిగిన కుక్కకు 42 పళ్ళుండాలి. కురచ దవడలో అవి పట్టక కొన్ని పక్కకు తిరిగి మొలుస్తవి. కంటి గుంటలకు లోతు చాలక గుడ్లు ముందుకు పొడుచుకొని వస్తవి. వాటికి దెబ్బ తగలటం సులభం. ముఖం మీది ముడతలలో చెమ్మ నిలిచి చర్మం పుండు పడుతుంది. బుల్‌డాగ్ పిల్లలకు తల పెద్దది, తల్లికి కటి ఇరుకు. బ్రిటన్‌లో 2010లో ప్రచురించిన ఒక పరిశీలనలో బుల్‌డాగ్, ఫ్రెంచి బుల్‌డాగ్ కాన్పులలో నూటికి 80కి పైగా కడుపు కోసి పిల్లలను తీసినవే అని తేలింది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. పెద్దలను దగ్గర ఉంచుకోండి. ఉబ్బసం ఉన్నవారు మాత్రం చేయవద్దు. కుర్చీలో కూర్చుని, కొబ్బరినీళ్ళు తాగే సన్నని గొట్టాన్ని నోటిలో పెట్టుకొని, ముక్కు మూసుకొని, ఆ గొట్టంతోనే ఐదుసార్లు ఊపిరి తీసి ఆపండి. ఊరక కూర్చున్నప్పుడే ఎంత కష్టమో తెలిసింది గదా! ఇక ఆ గొట్టంతోనే మండుటెండలో పరుగెత్తవలసివస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. ఊహించుకొంటే చాలు, పరుగెత్తవద్దు.

ముక్కును కురచ చేసినది ఎవరు?

కుక్క తోక వంకర తీయటం ఎవరి తరమూ కాదని మన సామెత. తోక సంగతి ఏమో గాని, ముక్కును మాత్రం మనిషి తనకు నచ్చినట్లు కురచ చేశాడు. కత్తితో కోయలేదు. ఏరి ఏరి చేశాడు. రైతు మంచి కంకులు ఏరి విత్తనానికి ఉంచుకొంటాడు గదా! అట్లాగే కుక్కలను పెంచేవారు ప్రతి తరంలోనూ ముఖం కురచగా ఉన్న మగకుక్కను, ఆడకుక్కను జతపరచారు. తరాలు గడిచేకొద్దీ ముఖం చదును అయినది.

ఇంగ్లండులో ఒకప్పుడు ఎద్దును కట్టివేసి దాని మీదికి కుక్కలను ఉసిగొల్పే క్రూరమైన వినోదం ఉండేది. ఆ పనికి వాడిన కుక్కే బుల్‌డాగ్. 1835లో చట్టం చేసి ఆ వినోదాన్ని నిషేధించారు. 1859లో న్యూకాసిల్ నగరంలో శునక ప్రదర్శన జరిగింది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ అనే సంస్థ ఏర్పడింది. ఏ జాతి కుక్క ఎట్లా ఉండాలో లక్షణాలు వ్రాసిపెట్టే పద్ధతి బలపడింది. ఆ లక్షణాలు చూచి బహుమతులిచ్చారు. "ముఖం కురచగా ఉండాలి" అని వ్రాస్తే, ఇంకా కురచ ముఖానికి ఇంకా పెద్ద బహుమతి వచ్చేది. పనిచేసే కుక్క చూడటానికి మాత్రమే పనికివచ్చే కుక్క అయినది.

ఇదంతా ఊహ కాదు. విలియం హోగార్త్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1745లో తన బొమ్మను తానే వేసుకొని, పక్కనే తన పగ్ కుక్కను కూడ చిత్రించాడు. ఆ పటం లండన్‌లోని టేట్ చిత్రశాలలో ఉన్నది. అందులోని పగ్‌కు చక్కగా కనిపించే మూతి ఉన్నది! అంటే పగ్ కుక్కలన్నీ ఎల్లకాలమూ ఇంత చప్పిడిగా లేవన్నమాట.

మరి చదును ముఖం మనకెందుకంత ముద్దు? కొన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు 1943లో ఒక సంగతి చెప్పాడు. గుండ్రని తల, పెద్ద కళ్ళు, చిన్న ముక్కు ఉన్న ముఖం చూస్తే మనకు పసిపాప జ్ఞాపకం వచ్చి ఎత్తుకోవాలనిపిస్తుంది. మన ప్రేమ మంచిదే. కాని దాని మూల్యం చెల్లించేది ఆ కుక్క. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!

వాదం ఎక్కడిదాకా వచ్చింది?

2008లో బి.బి.సి. టెలివిజన్‌వారు జాతికుక్కల జబ్బుల మీద ఒక చిత్రం చూపించారు. బ్రిటన్‌లో పెద్ద గగ్గోలు పుట్టింది. క్రఫ్ట్స్ అనే ప్రసిద్ధ శునక ప్రదర్శనను 2009లో బి.బి.సి. ప్రసారం చేయలేదు. కెన్నెల్ క్లబ్‌వారు జాతి లక్షణాలను తిరగవ్రాశారు. 2012లో అదే ప్రదర్శనలో 15 జాతులలో గెలిచిన కుక్కలను పశువైద్యులు పరీక్షించారు. తమ జాతిలో మొదటిదిగా నిలిచిన బుల్‌డాగ్, పెకినీస్ ఆ పరీక్షలో తప్పినవి.

అదే 2012లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజివారు ఇంకొక వింత కనిపెట్టారు. ఊపిరి ఇబ్బంది లక్షణాలు తరచుగా కనిపించే కుక్కల యజమానులను, "మీ కుక్కకు ఊపిరి ఇబ్బంది ఉన్నదా?" అని అడిగితే, సగం మందికి పైగా "లేదు" అన్నారు. వారు అబద్ధమాడలేదు. ఆ జాతి కుక్కలన్నీ గురకపెడుతుంటే, గురకే ఆరోగ్యమని వారు అనుకొన్నారు. రోజూ చూచే కష్టం కష్టంగా కనిపించదు. పిల్లలూ, ఈ సంగతి కుక్కలకు మాత్రమే సంబంధించినది కాదు.

ఇక ఏమి చేయాలి? ఇక్కడ రెండు పక్షాలున్నవి.

"ఊపిరి ఆడని ప్రాణిని కావాలని పుట్టించటం తప్పు. ఆ పెంపకాన్ని ఆపివేయాలి" అని ఒక పక్షం. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2019లో ఒక కొలత పెట్టింది. మూతి పొడుగు పుర్రె పొడుగులో సుమారు మూడో వంతు కూడ లేని కుక్కల నుంచి పిల్లలను తీయరాదన్నది. నార్వేలో 2022 జనవరిలో ఓస్లో జిల్లా కోర్టు బుల్‌డాగ్ పెంపకం, కావలియర్ అనే మరొక జాతి పెంపకం చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అదే ఏడాది పై కోర్టు బుల్‌డాగ్ విషయంలో ఆ తీర్పును మార్చింది. 2023లో సుప్రీం కోర్టు కావలియర్ మీది తీర్పును నిలబెట్టింది.

రెండవ పక్షంవారి మాట కూడ వినాలి. "ఈ జాతి కుక్కలన్నీ రోగిష్ఠివి కావు. బాగా ఊపిరి తీసేవాటిని ఏరి వాటినే జతపరిస్తే, జాతి క్రమంగా బాగుపడుతుంది. నిషేధిస్తే జనం దొంగతనంగా ఎక్కడినుంచో తెచ్చుకొంటారు. అప్పుడు పరీక్షించే నాథుడే ఉండడు" అని వారు అంటారు. ఇందుకోసం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, కెన్నెల్ క్లబ్ కలిసి 2019లో ఒక పరీక్ష మొదలుపెట్టినవి. వైద్యుడు స్టెతస్కోపుతో కుక్క ఊపిరి వింటాడు. తరువాత దానిని మూడు నిమిషాలు చురుకుగా నడిపించి మళ్ళీ వింటాడు. 0 నుంచి 3 వరకు మార్కు వేస్తాడు. మీ పరీక్షలలో మాదిరి కాదు, ఇందులో సున్న వస్తే మొదటి తరగతి!

మూడవ దారి చూపేవారూ ఉన్నారు. పొడుగు మూతి ఉన్న వేరే జాతితో కలిపి, పాతకాలపు పగ్‌ను మళ్ళీ తేవాలంటారు. "అట్లా కలిపితే అది పగ్ ఎట్లా అవుతుంది?" అని శుద్ధజాతి కావాలనేవారు కోప్పడతారు.

శస్త్రచికిత్స లేదా అని మీరడగవచ్చు. ఉన్నది. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిలిని కొంత కత్తిరిస్తారు. ఆ కుక్కకు ఎంతో సుఖంగా ఉంటుంది. కాని దానికి పుట్టే పిల్లలు మళ్ళీ చప్పిడి ముక్కుతోనే పుడతవి. కత్తి మార్చినది తరువాతి తరానికి అందదు. ఏరిక మార్చినదే అందుతుంది.

ఏ దారి మేలో మీరు ఇంట్లో, బడిలో చర్చించండి. నా మట్టుకు నాకు ఒక్క సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. అది దాని స్వభావం కాదు. మనుషులు వ్రాసుకొన్న లక్షణాలవల్ల వచ్చినది. మనుషులు వ్రాసినదానిని మనుషులే దిద్దవచ్చు.

పెద్దలకు, పిల్లలకు

రెంటచింతలలో, రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నవి. అటువంటి ఎండలో మట్టికుండ లేని కుక్క గతి ఏమిటో ఆలోచించండి. ఊపిరి ఇబ్బంది భయంతో అనేక విమాన సంస్థలు కూడ ఈ జాతులను ఎక్కించుకోవటానికి ఒప్పుకోవు.

కనుక తల్లిదండ్రులకు నా మనవి. పిల్లవాడు మారాం చేశాడని ముఖం చూచి కుక్కపిల్లను కొనవద్దు. తల్లికుక్కను చూపమనండి. దానిని కాసేపు నడిపించి ఊపిరి వినండి. చప్పుడు వస్తే ఇంటికి వచ్చేయండి. మన వీధిలో పుట్టిన కుక్కపిల్లకు చక్కని పొడుగు మూతి ఉన్నది, మన ఎండ దానికి అలవాటే. టీకాలు వేయించి ప్రేమగా పెంచితే అది ఎవరికీ తీసిపోదు.

ఇప్పటికే పగ్ ఉన్న పిల్లలు దిగులుపడవద్దు. దాని తప్పేమీ లేదు. దానిని ఇంకా శ్రద్ధగా చూచుకోండి. తెల్లవారుజామున గాని, పొద్దుపోయిన తరువాత గాని నడిపించండి. మెడకు కాక ఛాతీకి పట్టీ కట్టండి. అడిగిందల్లా పెట్టి లావు చేయవద్దు, లావయితే ఊపిరి ఇంకా బిగుస్తుంది. నాలుక నీలంగా మారినా, తూలి పడినా వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద చల్లని నీళ్ళు పోసి, విసురుతూ పశువైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళండి.

ఈ నెల పని: పక్కనుంచి తీసిన నాలుగు కుక్కల ఫొటోలు సంపాదించండి. దారంతో ముక్కు కొననుంచి కళ్ళ మధ్య గుంట దాకా, ఆ గుంటనుంచి తల వెనక బొడిపె దాకా కొలవండి. మొదటి కొలత రెండవదానిలో ఎన్నో వంతు? పట్టిక వేసి పంపండి. 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మూతి పుర్రెలో సగం కంటె తగ్గేకొద్దీ ఊపిరి ఇబ్బంది బాగా పెరుగుతుందని తేలింది. మీ పట్టికలో ఏ కుక్క ఆ గీత దాటిందో ఎర్రసిరాతో గుర్తుపెట్టండి.