స్టాపును కాదు, ఆగిన బస్సును లెక్కపెట్టండి!

అబిడ్స్, నాంపల్లి వ్యాపారులకు, ఉద్యోగులకు, ఇక్కడ భవనాలు కట్టేవారికి విజ్ఞప్తి

పర్యావరణ హిత భవనాలకు ఇచ్చే 'లీడ్' రేటింగ్‌లో అమెరికా బయట తొలి ప్లాటినం గుర్తింపు 2003లో మన హైదరాబాద్‌లోని భవనానికే దక్కింది. ఇప్పుడు బిల్డర్లందరికీ 'గ్రీన్' సర్టిఫికెట్ కావాలి. మంచిదే. కరెంటు ఎంత ఆదా అయిందో చూస్తున్నారు సరే, ఆ భవనాల్లో పనిచేసేవాళ్లు దేనిమీద వస్తున్నారో ఎవరు చూస్తున్నారు?

లీడ్ 2009 పద్ధతిలో పావు మైలు లోపల రెండు రూట్ల బస్సులు ఆగే స్టాపు ఉంటే చాలు, రవాణా పాయింట్లు దక్కేవి. ఆ బస్సులు పూటకొకటి వచ్చినా అడిగేవారు లేరు. తర్వాతి నాలుగో వెర్షన్ ట్రిప్పులు లెక్కించడం మొదలుపెట్టింది. దాని ప్రకారం బస్‌స్టాపు 400 మీటర్లలో, మెట్రో లేదా రైల్వే స్టేషన్ 800 మీటర్లలో ఉండాలి. దూరం నడిచే దారి వెంటే కొలవాలి. ఒక్కో రూటుకు ఒక వైపు ట్రిప్పులే లెక్క. పూర్తి పాయింట్లు రావాలంటే పనిదినాల్లో రోజుకు 360, వారాంతంలో 216 ట్రిప్పులుండాలి.

నాంపల్లికి అదేమంత కష్టం? 1907 నాటి రైల్వే స్టేషన్, 2003 నుంచి ఎంఎంటీఎస్, 2018 నుంచి మెట్రో. అటు జీపీవో దగ్గర సిటీ బస్సులు.

చిక్కంతా ఆ లెక్కకు టైంటేబులే ఆధారం కావడంలో ఉంది. రద్దయిన ఎంఎంటీఎస్ కూడా అందులో ట్రిప్పే. కిక్కిరిసి, స్టాపులో ఆగకుండా పోయిన బస్సూ ట్రిప్పే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల కోసం వచ్చేవారికి వారాంతపు అంకె ఎందుకు ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

అందుకే అడుగుతున్నాం. 'గమ్యం' యాప్‌తో బస్సు ఎక్కడుందో ఆర్టీసీకి తెలుస్తూనే ఉంది. ఏ స్టాపులో రోజుకు ఎన్ని బస్సులు నిజంగా ఆగాయో నెలనెలా ప్రకటించాలి. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు, మన ఊళ్లోనే ఉన్న ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) సహా, ఆ అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. స్టాపుదాకా నడవడానికి ఫుట్‌పాత్ లేకపోతే పాయింటూ ఉండకూడదు.

ఇంకొకటి. రెండు సెల్లార్లు తవ్వి కార్లు నింపుకొని, మళ్లీ బస్సుల పేరు చెప్పి పాయింట్లు కొట్టేస్తే ఎలా? రవాణా పాయింట్లు కోరిన భవనం పార్కింగ్ తగ్గించుకోవాలి. అందుకు అడ్డొచ్చే నిబంధనలను ప్రభుత్వం సడలించాలి.

ఈ ప్రాంతంలో ఆఫీసు అద్దెకు తీసుకునేవారు సర్టిఫికెట్ చూసి ఊరుకోకండి. దానికోసం సమర్పించిన ట్రిప్పుల పట్టిక చూపించమనండి, ఆదివారం లెక్కతో సహా.