నార్వే దేశపు బారెడు మాటలు

సమాసమనగానే మనలో పలువురకు కావ్యపఠనమే స్ఫురించును. ప్రబంధకవి యొక వనమునో, పురమునో వర్ణింపబూని పద్యపాదములు నిండునట్లు ఒకే మాటను సాగదీసినప్పుడు, దానికి విగ్రహవాక్యము చెప్పలేక ఎందఱు బాలికలు కంటనీరు పెట్టుకొనిరో లెక్కలేదు. అయినను సమాసము కవుల సొత్తు మాత్రమే కాదు. వంటయింటను, అంగడిలోను, ఆసుపత్రిలోను గడియగడియకు క్రొత్త సమాసముల నల్లుకొనుచు మాటలాడు ప్రజలొక దేశమున కలరు. ఐరోపాఖండమున ఉత్తరపు కొసనున్న నార్వేయే ఆ దేశము. అచటి జనసంఖ్య సుమారు 55 లక్షలు. ఈ మాసమున ఆ దేశపు మాటల నిడివిని గూర్చియు, ఆ నిడివిలో నిమిడియున్న స్త్రీల చరిత్రను గూర్చియు ముచ్చటింతము.

నార్వేజియను భాషలో రెండు మాటలు కూడి యొక వస్తువునకు పేరైనచో, నడుమ ఎడము లేక ఒకే మాటగా వ్రాయవలెను. ఇది మొదటి నియమము. బిడ్డకు ‘బార్న్’ అని పేరు. తోటకు ‘హాగె’ అని పేరు. పసివారిని పగటివేళ కనిపెట్టి ఆడించు శాల ‘బార్నెహాగె’, అనగా బిడ్డలతోట. జబ్బుగానున్నవారిని ‘స్యూక్’ అందురు, ఇల్లు ‘హూస్’. ఆసుపత్రి ‘స్యూకెహూస్’, రోగులయిల్లు. పంటివైద్యుడు ‘టన్‌లేగె’. ఇల్లూడ్చు యంత్రము ‘స్టోవ్‌సూగెర్’, అనగా దుమ్ముపీల్చునది. గబ్బిలము ‘ఫ్లగ్గెర్‌మూస్’, రెక్కలాడించు ఎలుక. చూచితిరా! వైద్యశాల యనియు, దంతవైద్యుడనియు మనము సంస్కృతమునుండి తెచ్చుకొన్న పేళ్లను, వారు ఉయ్యాలలో నేర్చిన మాటలతోనే కట్టుకొనిరి. అక్షరజ్ఞానము లేని ముసలమ్మకును ‘రోగులయిల్లు’ అనగా నేమో ఒకరు చెప్పనక్కఱలేదు.

ఇక కూర్పు రీతిని చూతము. ఎంత పొడవైన మాటయైనను చివరి పదమే దానికి గృహిణి. ముందున్నవన్నియు ఆమె పరివారము. ‘బార్న్’ నపుంసకలింగము, ‘హాగె’ పుంలింగము. రెండును కూడిన ‘బార్నెహాగె’ కడపటి పదము ననుసరించి పుంలింగమే యగును. మన తెలుగునందును పూలతోట యొక తోటయే గాని పువ్వు కాదు గదా! ఈ విషయమున నార్వేవారి మాట మనకు మిక్కిలి దగ్గఱది.

పదములు కూడుచోట ఒక్కొక్కప్పుడు ‘స్’ అనియో, ‘ఎ’ అనియో చిన్న అతుకు పడును. ‘బార్న్’ పిదప వచ్చిన ‘ఎ’ అట్టిదే. ‘స్’ అనునది పూర్వము షష్ఠీవిభక్తినుండి పుట్టినది. మనము రోలుపచ్చడి యనక రోటిపచ్చడి యనియు, నెయ్యిగిన్నె యనక నేతిగిన్నె యనియు పలుకునట్టిదే యిదియు. ఈ అతుకునకు మఱియొక ప్రయోజనము కూడ కలదు. ద్రాక్షాసవము ‘వీన్’, దానిని పోసికొను గాజుపాత్ర ‘వీన్‌గ్లాస్’, ఇందు అతుకు లేదు. ఎఱ్ఱని ద్రాక్షాసవము ‘రోడ్‌వీన్’. దాని పాత్ర ‘రోడ్‌వీన్స్‌గ్లాస్’, ఇందు ‘స్’ చేరినది. అనగా ఆ ‘స్’ యొక గడియవంటిది. ఎఱుపునకును ఆసవమునకును ముందుగా పెండ్లియైనది, పాత్ర పిమ్మట వచ్చినది అని తెలుపును. ఎఱ్ఱనిది ఆసవమే కాని పాత్ర కాదని చదువరికి తేటపడును.

సంధి కూడ లేకపోలేదు. బస్సుబండి ‘బుస్’, అది నిలుచుచోటు ‘స్టొప్’. మొదటి మాట చివర రెండు సకారములు, రెండవ మాట మొదట ఒకటి. మూడు సకారములు వరుసగా వ్రాయుట వారి లిపికి సరిపడదు. కావున ఒకటి లోపించి ‘బుస్టొప్’ అగును. బహువ్రీహియు కలదు. ‘రోడ్‌స్ట్రూపె’ అను మాటకు ఎఱ్ఱకుత్తుక యని అర్థము. ఆ పేరు కుత్తుకకు గాక, ఎఱ్ఱని కుత్తుక గల చిన్నపక్షికి చెల్లినది. పీతాంబరుడన్నచో పట్టుబట్ట గాక శ్రీహరి యైనట్లే!

ఒక్క మాటగా వ్రాయదగినదానిని విడదీసిన కలుగు చిక్కులు నవ్వు పుట్టించును. మన ఇండ్లలో మావిడాకులను ‘మా విడాకులు’ అని విఱచి పరిహాసమాడుట మీరెఱుగనిది కాదు. అచట ‘లమ్మెలోర్’ అని కలిపి వ్రాసిన గొఱ్ఱెపిల్ల తొడమాంసము. విడదీసి ‘లమ్మె లోర్’ అని వ్రాసిన చచ్చుపడిన తొడలు. వేచిన కోడిపిల్ల కార్జమను భోజనపదార్థము పేరును విఱచి వ్రాసినచో, వేగిన కోడిపిల్ల బ్రదికియున్నదని అర్థము వచ్చును. ‘రోయిక్‌ఫ్రిట్’ అని గోడమీద కలిపి వ్రాసిన అచట పొగత్రాగరాదని భావము. విడదీసినచో, తోచినంత పొగత్రాగుడని ఆజ్ఞ! నోటితో పలుకునప్పుడు ఈ పొరపాటు రాదు. సమాసమునందు ముఖ్యమైన ఊనిక ఒక్కచోటనే పడును గావున చెవికి భేదము తెలియును. కాగితమునకు గొంతు లేదు. అందుచే గొంతు చేయు పనిని ఎడము లేకపోవుటయే చేయవలసియున్నది. ఆంగ్లమును చూచి విడదీయు అలవాటు పెరిగినదని పలువురు నార్వే ఉపాధ్యాయులు విచారపడుచుందురు.

నియమ మిట్టిదగుటచే మాట యెంతవఱకైనను పెరుగవచ్చును. అర్ధవాహకములను గూర్చిన భౌతికశాస్త్రమున ఒక పరికరమునకు ‘మినోరిటేట్స్‌లాడ్నింగ్స్‌బేరెర్‌డిఫ్యూషోన్స్‌కోఎఫిసియెంట్‌మోలింగ్స్‌అపరాటూర్’ అను పేరు చెప్పుదురు. రోమను లిపిలో దీనికి 60 అక్షరములు. భయపడకుడు! చివరనుండి విప్పుడు. అపరాటూర్ అనగా పరికరము. దేనికి? మోలింగ్, కొలుచుటకు. దేనిని? వ్యాపనగుణకమును. దేని వ్యాపనము? అల్పసంఖ్యలోనున్న విద్యుద్భారవాహకములది. ముడి వీడినది. ఇందు స్వదేశపు మాటలును లాటిను మాటలును భేదము లేక పెనవేసికొన్నవి. వైరిసమాసమని మన వైయాకరణులు వెనుదీయుచోట వారికి జంకు లేదు.

ఇట్టిదే 58 అక్షరముల మాట మఱియొకటి కలదు. ‘ఫ్యూల్కెస్‌ట్రఫిక్‌సిక్కెర్‌హేట్స్‌ఊట్‌వల్గ్స్‌సెక్రెటరియాట్స్‌లేడెర్‌ఫుంక్షోనెనె’ యనగా, జిల్లాలో రాకపోకల క్షేమమును విచారించు సంఘముయొక్క కార్యాలయాధిపతి విధులు. ఇట్టివి నిడివిని చూపుటకే గాని నిత్యవ్యవహారమున వినబడవు. అయినను జిల్లా రాకపోకల క్షేమసంఘము అను మొదటిభాగము మాత్రము నిజముగా నున్న సంఘముల పేరే. వాడుకలో నున్న పొడవు మాటలకు ‘మెన్నెస్కెరెట్టిగ్‌హేట్స్‌ఒర్గనిసషోనెనె’ అనునది మంచి యుదాహరణము. మానవహక్కుల సంస్థలు అని దాని యర్థము, అక్షరములు 33.

నిడివిలో వారే ఘనులని మాత్రము తలపకుడు. విజయనగరమున అచ్యుతదేవరాయల ఆస్థానమందలి విదుషి తిరుమలాంబ 16వ శతాబ్దమున రచించిన వరదాంబికాపరిణయ చంపువులో 195 అక్షరముల సంస్కృతసమాసము కలదు. కాంచీపుర ప్రాంతమును వర్ణించు ఆ మాటను రోమను లిపిలో వ్రాసిన 428 అక్షరములగునని గిన్నెస్ గ్రంథము లెక్కించినది. బారెడు మాటల పందెములో మొదటిపీట ఒక స్త్రీదే!

ఇక మన స్త్రీలకు ముఖ్యమైన విషయమునకు వత్తము. నార్వేజియనున ‘క్విన్నె’ యనగా స్త్రీ, ‘స్టెమ్మె’ యనగా వోటు, ‘రెట్’ అనగా హక్కు. ఈ ‘రెట్’ అను మాటకే వంటకమను అర్థము కూడ కలదు. ‘మాట్‌రెట్’ అన్నచో తినుబండము, ‘స్టెమ్మెరెట్’ అన్నచో వోటుహక్కు. ప్రక్కనున్న స్నేహితురాలిని బట్టి దాని గుణము మాఱును. పూర్వకాలమున పురుషులు మొదటి ‘రెట్’ను స్త్రీల పాలు చేసి, రెండవదానిని తమకే యుంచుకొనిరి. 1885లో గీనా క్రోగ్ అను నామె స్త్రీల వోటుహక్కు కొఱకు ఒక సంఘమును స్థాపించినది. దానిపేరు ‘క్విన్నెస్టెమ్మెరెట్స్‌ఫోరేనింగెన్’. 1898లో ఆమెయు, ఫ్రెడ్రిక్కె మరీ క్వామ్ అను నామెయు మఱికొందఱును కలిసి దేశమంతటికిని చెందిన సంఘమొకటి నెలకొల్పిరి. దేశమను అర్థముగల ‘లాండ్స్’ అను మాట ముందు చేరుటచే ఈ రెండవ సంఘము పేరు 32 అక్షరముల దయ్యెను.

1905లో స్వీడనుతో నున్న సంబంధమును త్రెంచుకొనుటకు నార్వే ప్రజల సమ్మతి నడిగిరి. ఆగష్టు 13వ తేదీన పురుషులు మాత్రమే వోటు చేసిరి. త్రెంచుకొందుమన్నవారు 3,68,208 మంది. వలదన్నవారు 184 మంది. ప్రజలనగా స్త్రీలు కారా? ఆ పొడవుపేరు సంఘపు స్త్రీలు కోపించి యూరకుండలేదు. ఊరూర తిరిగి, రెండు లక్షలకు మించిన స్త్రీలచేత సమ్మతిపత్రములపై వ్రాళ్లు చేయించి సమర్పించిరి. 1901లో ఆదాయపుపన్ను నియమములతో పురపాలకపు ఎన్నికలలో కొందఱు స్త్రీలకు లభించిన హక్కు, 1907లో కొందఱికి శాసనసభ ఎన్నికలకును ప్రాకి, 1913 జూన్ 11వ తేదీన స్త్రీలందఱికిని దక్కినది. ఆ సంఘపు పేరులోని ప్రతి ముక్కయు వారి యింటి మాటయే: దేశము, స్త్రీ, వోటు, హక్కు, కూటమి. ఏమి కోరుచున్నారో ఒకరు వివరింపవలసిన పనిలేకుండ పేరే చాటినది.

మాట పొడవైనంత మాత్రమున కఠినము కాదు. పొట్టిదైనంత మాత్రమున సులభమును కాదు. ముక్కలు మనవైనచో మూరెడు మాటయు మన చేతిలో విడివడును. ఈ మర్మమెఱిగిన మహనీయుడు ఈవార్ ఓసెన్ (1813-1896). నార్వే 1814 వఱకు డెన్మార్కు రాజుల క్రిందనుండుటచే చదువుకొన్నవారు డేనిషు భాషనే వ్రాయుచుండిరి. చిన్న కమతపు రైతు కుమారుడైన ఓసెన్ పల్లెలు తిరిగి, రైతుల నోటి మాటలను కూర్చి 1848లో వ్యాకరణమును, 1850లో నిఘంటువును ప్రకటించెను. దానినుండి పుట్టిన వ్రాతభాష నేడు నీనోష్క్ అనబడును. డేనిషు ననుసరించి పెరిగిన బూక్‌మోల్ అను రెండవ వ్రాతభాషతో పాటు అదియు 1885 నుండి రాజముద్ర పొందినది. 2022 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చిన భాషాశాసనము మఱియొక మేలు చేసినది: ప్రభుత్వ సంస్థలు ప్రజలకు వ్రాయు వ్రాత స్పష్టముగను, చదువువారికి తగినదిగను ఉండవలెనని విధించినది. కచేరీ వారు తమ సౌకర్యమునకై ముడివేసిన మాటను, విధవరాలైన ముసలమ్మ విప్పలేక తనకు రావలసినదానిని పోగొట్టుకొనరాదని దీని తాత్పర్యము.

సోదరీమణులారా! ఈ మాట మనకును వర్తించును. మన యింటికి వచ్చు కాగితములయందు, ‘ఆస్తిబదలాయింపు’, ‘వారసత్వధ్రువీకరణపత్రము’ మున్నగు మాటలు కనబడగానే ‘మాకేమి తెలియును’ అని మగవారి చేతికిచ్చు అలవాటు ఇంకను పలువురియందున్నది. చదువ వచ్చినవారును పొడవు చూచి బెదరుదురు. ఇకమీదట అట్లు చేయకుడు. చివరి ముక్కను మొదట పట్టుకొనుడు: అది పత్రము. దేనిని గూర్చి? ధ్రువీకరణమును. దేని ధ్రువీకరణము? వారసత్వముది. ఎవరి వారసత్వము? అది మీదే కావచ్చును! పత్రముపై వ్రాలు చేయుటకు ముందే ఈ ప్రశ్నలడుగుడు. మీ బాలికలకు జడవేయునప్పుడు ఇట్టి మాట నొకదానిని ఇచ్చి, పాయలు పాయలుగా విడదీయుమనుడు. జడ యల్లనేర్చిన చేతికి సమాసము విప్పుట యెంత పని!